చదువు అప్పు: సంతకానికి ముందు ఒక లెక్క



హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, రాయగడలో ఉన్నా, సిరోంచలో ఉన్నా, పన్నెండో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న ఏ కాలేజీ అని. ఆ వెంటనే వచ్చేది, డబ్బు ఎక్కడిది అని.

సరిహద్దు దాటితే ఫీజు మారడం మనకు కొత్త కాదు. 1989లో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు మెడికల్ కాలేజీలలో ప్రభుత్వ సీటుకు ఏడాదికి 2,000 రూపాయలు, ఇతర సీట్లలో చేరే ఆ రాష్ట్ర విద్యార్థులకు 25,000 దాకా, బయటి రాష్ట్రాల వారికి 60,000 దాకా ఫీజు ఉండవచ్చునన్నది. ఒకే తరగతి గదిలో మూడు ధరలన్నమాట! మోహినీ జైన్ కేసులో 1992లో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. మరుసటి ఏడు ఉన్నికృష్ణన్ కేసు తీర్పుతో ఫ్రీ సీట్లు, పేమెంటు సీట్లు వచ్చాయి. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసు తీర్పు ఆ పద్ధతిని తొలగించి, ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛను చాలావరకు ప్రైవేటు కాలేజీలకే ఇచ్చింది. క్యాపిటేషన్ ఫీజు మాత్రం కూడదన్నది.

ఫీజు రాయితీలు సాధారణంగా స్థానికతను బట్టి వస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆంధ్రలోనో తెలంగాణలోనో స్థానికులం కాము. అందువల్ల రాష్ట్రం దాటి చదివే పిల్లలకు చివరికి మిగిలే దారి, చాలాసార్లు, బ్యాంకు అప్పు.

2001లో బ్యాంకుల సంఘం రూపొందించిన విద్యారుణ పథకమే నేటికీ ఈ అప్పులకు ఆధారం. 4 లక్షల వరకు తాకట్టు అడగరాదు. చదువు కాలం, ఆ పైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. వాయిదా ఆగుతుంది గాని, వడ్డీ ఆగదు.

ఒక లెక్క చూడండి. నాలుగేళ్ళ చదువుకు ఏటా మొదట్లో లక్ష చొప్పున 4 లక్షలు తీసుకున్నారు. వడ్డీ నూటికి ఏడాదికి 10 రూపాయలు, బారువడ్డీ. మొదటి లక్షకు అయిదేళ్ళ వడ్డీ 50,000. తర్వాతి లక్షలకు వరుసగా 40,000, 30,000, 20,000. మొత్తం 1,40,000. అంటే వాయిదాలు మొదలయ్యే నాటికి బాకీ 5,40,000. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 రూపాయలు కట్టాలి.

అలా కాక, చదువుతున్నప్పుడే ఏ నెల వడ్డీ ఆ నెల కట్టుకుంటూ పోతే? మొదటి ఏడు నెలకు దాదాపు 830 రూపాయలు, నాలుగో ఏడు 3,330. అప్పుడు అసలు 4 లక్షలే నిలుస్తుంది. నెల వాయిదా 5,290కి దిగుతుంది. మొత్తం మీద 80,000 రూపాయలకు పైగా మిగులుతుంది.

అంత కట్టలేని కుటుంబాలకు ఒక ఆసరా ఉంది. ఏడాది ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే, అర్హత గల వృత్తి, సాంకేతిక కోర్సులకు ఆ విరామ కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009లో మొదలైంది. దీనికి మీ రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం కావాలి. అప్పు తీసుకునే రోజే ఈ సంగతి బ్యాంకులో అడగండి.

ఇంకొక మాట. మీ ఇల్లు మా పరిధిలో లేదని చెప్పి విద్యారుణ దరఖాస్తును తోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. సరిహద్దు ఊళ్ళవారు ఇది గుర్తుంచుకోవాలి. కాదంటే, ఆ కారణం కాగితం మీద రాసి ఇమ్మనండి.

అప్పు చేసి పప్పుకూడు అని వెక్కిరించవలసిన అప్పు కాదిది. అయితే కాగితం మీద బిడ్డతో పాటు మీ సంతకమూ ఉంటుంది. కనుక కాలేజీ పేరు ఒక్కటే చూడకండి. ఆ చదువు చదివిన వారికి తొలి జీతం ఎంత వస్తున్నదో విచారించండి. దాని పక్కన నెల వాయిదా వేసి చూసుకోండి. ఆ తరువాతే సంతకం చేయండి.

సెలవు.