బ్రాయిలర్ కోళ్ళ కాలేయ రక్షణలో ఔషధ మొక్కల పాత్ర

బ్రాయిలర్ దాణాలో సుమారు సగం నుండి మూడింట రెండు వంతుల వరకు మొక్కజొన్నే ఉంటుంది. ఖమ్మం జిల్లాలోను, భద్రాచలం అటవీ అంచు గ్రామాలలోను వానాకాలపు మొక్కజొన్న కోతకు వచ్చే వేళకు వర్షాలు పూర్తిగా తగ్గకపోవచ్చు. తడిసిన కండెలు, సరిగా ఆరని గింజలు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకు అనువైన నెలవులు. ఈ బూజు ఉత్పత్తి చేసే అఫ్లాటాక్సిన్ బి1 కోడి కాలేయాన్ని దెబ్బతీసే విషాలలో ముఖ్యమైనది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు మరణించినప్పుడు జరిపిన పరిశోధనలే ఈ విషాన్ని వెలుగులోకి తెచ్చాయి. ఆ కోళ్ళ దాణాలో బూజు సోకిన వేరుశనగ చెక్క ఉన్నట్లు తేలింది.

కాలేయానికి జరిగే హాని

పేగుల నుండి రక్తంలో చేరిన అఫ్లాటాక్సిన్‌ను కాలేయపు ఎంజైములు ఎపాక్సైడ్ అనే మరింత తీవ్రమైన రూపంలోకి మారుస్తాయి. అది కణాలలోని డి.ఎన్.ఎ.తోను, మాంసకృత్తులతోను బంధం ఏర్పరచుకుంటుంది. గ్లూటాథయోన్ తగినంత ఉన్నప్పుడు ఈ రూపం నిర్వీర్యమై విసర్జితమవుతుంది. నిల్వలు తరిగితే కణాలు నశిస్తాయి. కాలేయం ఉబ్బి, పసుపు వన్నెకు తిరిగి, వేలితో నొక్కగానే చితికిపోతుంది. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన పదార్థాలు తగ్గడం వలన కోళ్ళను పట్టినప్పుడు కండరాలలో కమిలిన మచ్చలు ఏర్పడతాయి. స్వల్ప మోతాదులో కూడా మేత మార్పిడి నిష్పత్తి క్షీణించి, టీకాలకు స్పందన తగ్గవచ్చు. మరణాలు కనిపించనందున ఈ నష్టానికి కారణం రైతుకు తరచుగా అంతుపట్టదు.

ఉపయోగపడే మొక్కలు

పసుపు: ఇందులోని కర్క్యుమిన్ ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గించి, విషాన్ని ఉత్తేజపరచే ఎంజైముల చర్యను కొంత అదుపు చేస్తుంది. దాణాలో 0.5 శాతం, అనగా టన్నుకు 5 కిలోల పసుపు పొడి కలిపిన ప్రయోగాలలో కాలేయ హాని పాక్షికంగా తగ్గింది.

నేల ఉసిరి: పొలంగట్లపై కలుపుగా మొలిచే ఈ మొక్కలో ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే లిగ్నాన్లు ఉన్నాయి. కాలేయ కణాల రక్షణకు వీటిపై విస్తృతంగా పరిశోధనలు జరిగాయి.

నేలవేము: ఇందులోని చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్. పూత ప్రారంభ దశలో కోసిన మొక్కలో ఇది అధికం. మోతాదు మించితే చేదు కారణంగా కోళ్ళు మేత తగ్గిస్తాయి.

పరిమితులు

బెంటొనైట్ వంటి బంకమన్నులు విషాన్ని పేగులలోనే పట్టి ఉంచుతాయి. మొక్కల పదార్థాలు ప్రధానంగా విషం రక్తంలో చేరిన తరువాత కాలేయానికి తోడ్పడతాయి. కనుక ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కాదు. అదే విధంగా, సరిగా ఆరబెట్టని ఆకుల పొడి తానే బూజుకు ఆశ్రయమవుతుంది. రంగు కలిపిన కల్తీ పసుపు కాలేయానికి అదనపు భారం. ముడి పొడిలో క్రియాశీల పదార్థం మొక్క వయస్సును, నేలను, ఆరబెట్టిన తీరును బట్టి మారుతుంది. కాబట్టి సంవిధానం తెలియని టానిక్కుపై ఆధారపడరాదు.

గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని సేకరించే ఈ ప్రాంతంలో ఔషధ మొక్కలకు గిరాకీ పెరిగితే కోయ కుటుంబాలకు ఆదాయం లభిస్తుంది. అయితే విత్తనం రాలకముందే మొక్కలను వేళ్ళతో పెకలించినచో కొన్నేళ్ళకే వనరు తరిగిపోతుంది. నేలవేమును పొలాలలో సాగు చేయడం, అడవిలో కొన్ని మొక్కలను విత్తనానికి విడిచిపెట్టడం అవసరం.

విస్తరణ సిబ్బందికి సూచనలు

మొక్కజొన్నను పక్వానికి రాగానే కోసి, కండెలను నేలపై గాక టార్పాలిన్లపై ఆరబెట్టించాలి. నిల్వకు ముందు గింజలో తేమ 12 శాతానికి మించరాదు. విరిగిన, రంగు మారిన గింజలను వేరు చేయించాలి. కోళ్ళ దాణాలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాముల లోపు ఉండేలా పరీక్ష చేయించాలి. దాణాను గుళికలుగా మార్చే వేడికి ఈ విషం నశించదని రైతులకు స్పష్టం చేయాలి. ఒప్పంద పద్ధతిలో పెంచే రైతుకు దాణా ఎంపికలో పాత్ర తక్కువ. కనుక ప్రతి లోడు నుండి నమూనా తీసి, తేదీతో భద్రపరచడం అతనికి ఆధారమవుతుంది. ఈ జాగ్రత్తలు పాటించిన తరువాతనే మొక్కల అనుబంధాలు కోళ్ళ కాలేయానికి నిజమైన అండ కాగలవు.