రెండు సింహాసనాల బల్గేరియా

1331లో తర్నోవో సింహాసనం ఎక్కిన జార్ ఇవాన్ అలెగ్జాండర్ బల్గేరియాను నలభై ఏళ్లు పాలించాడు. ఆయన కోసం 1356లో పూర్తిచేసిన సచిత్ర సువార్తల ప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని చిత్రంలో జార్, ఆయన రెండో భార్య, ఆమె కన్న కొడుకులు రాజవస్త్రాలతో కనిపిస్తారు. మొదటి భార్య కొడుకు ఇవాన్ స్రత్సిమిర్ మాత్రం అందులో లేడు. రాజ్యం ఎక్కడ చీలబోతోందో ఆ చిత్రమే చెబుతోంది.

ఆ చీలికతో లాభపడిన తురుష్కులు బాల్కన్‌లోకి తమంత తాముగా చొరబడలేదు, వాళ్లను పిలిచారు. 1341లో బైజాంటైన్ సింహాసనం కోసం అంతర్యుద్ధం మొదలైనప్పుడు జాన్ కాంటకుజెనోస్ ఆసియా మైనర్ నుంచి తురుష్క సేనలను రప్పించాడు. 1346లో ఒట్టోమన్ పాలకుడు ఒర్హాన్‌కు కూతురినిచ్చి వియ్యమందాడు. ఇవాన్ అలెగ్జాండర్ అవతలి పక్షాన నిలిచి, 1344లో ప్లోవ్‌దివ్‌ను, కొన్ని కోటలను సంపాదించుకున్నాడు. 1354లో భూకంపానికి గల్లిపోలి గోడలు కూలాయి. ఒర్హాన్ కొడుకు సులేమాన్ ఆ ఊరిని ఆక్రమించాడు. అంతవరకు దోచుకుని వెళ్లిపోయేవాళ్లకు ఐరోపా గడ్డ మీద స్థావరం దొరికింది. తురుష్కులతో జరిగిన పోరాటాల్లోనే జార్ మొదటి భార్య కొడుకులు ఇద్దరు చనిపోయారు.

జార్ తన మొదటి భార్యను మఠానికి పంపి, మతం మారిన యూదు స్త్రీ సారాను పెళ్లాడాడు. ఆమెకు థియోడోరా అని పేరు పెట్టారు. వారసత్వం ఆమె కొడుకు ఇవాన్ షిష్మాన్‌కు దక్కింది. స్రత్సిమిర్‌కు వాయవ్యాన విడిన్ ఇచ్చారు. అతను అక్కడ తానూ జార్‌నే అన్నాడు. 1365లో హంగేరీ రాజు విడిన్‌ను గెలిచి అతన్ని బంధించాడు. నాలుగేళ్లకు అతను విడుదలై వచ్చినా అన్నదమ్ములు ఒకటి కాలేదు.

1371 ఫిబ్రవరిలో ఇవాన్ అలెగ్జాండర్ మరణించాడు. అదే సెప్టెంబరులో మరిత్సా ఒడ్డున చెర్నోమెన్ దగ్గర తురుష్కులు సెర్బియా సేనలను తుడిచిపెట్టారు. షిష్మాన్ ఆ యుద్ధానికి దూరంగా ఉన్నాడు. తర్వాత అతనే ఒట్టోమన్ సుల్తాన్ మురాద్‌కు సామంతుడై, తోబుట్టువు తమారాను అతని అంతఃపురానికి పంపాడు. బల్గేరియన్ చర్చి గ్రంథం ఆమెను ప్రజల కోసం వెళ్లినదిగా స్మరిస్తుంది. ఆ త్యాగం రాజ్యాన్ని కాపాడలేదు. 1380లలో సోఫియా పోయింది. 1388లో షిష్మాన్ ఎదురుతిరగగా ఒట్టోమన్ వజీరు చందార్లీ అలీ పాషా సేనతో వచ్చి అతన్ని లొంగదీశాడు.

1393లో తర్నోవో మూడు నెలలు ముట్టడిలో ఉంది. జార్ నికోపోల్‌లో ఉండగా నగర రక్షణను మతగురువు ఎవ్తిమీ నడిపించాడు. జులై 17న కోట పడింది, ఎవ్తిమీని దేశాంతరం పంపారు. 1395లో షిష్మాన్‌ను సుల్తాన్ బాయెజిద్ చంపించాడు.

మరుసటి ఏడు పశ్చిమ ఐరోపా నుంచి వచ్చిన క్రూసేడు సేనలకు స్రత్సిమిర్ విడిన్ తలుపులు తెరిచాడు. సెప్టెంబరు 25న నికోపోల్ దగ్గర ఆ సేనలు చిత్తుగా ఓడాయి. స్రత్సిమిర్‌ను బందీగా బుర్సాకు తరలించారు. షిష్మాన్ కొడుకు అలెగ్జాండర్ ఇస్లాం స్వీకరించి సంసూన్‌కు పాలకుడయ్యాడు. స్రత్సిమిర్ కొడుకు కాన్‌స్టాంటిన్ మాత్రం తండ్రి బిరుదును వదులుకోకుండా పరాయి దేశాల్లో తిరిగి, 1422లో బెల్‌గ్రేడ్‌లో మరణించాడు.