హీటర్ వేస్తే మాడు వాసనా?

డిసెంబరు చలి. తెల్లవారుజామున నిజామాబాద్ నుంచి బోధన్‌కు కారులో బయల్దేరి హీటర్ వేయగానే గుప్పున మాడు వాసన! కంగారు పడక్కర్లేదు... అలాగని తేలిగ్గా తీసుకోనూ కూడదు. అది ఎలాంటి వాసనో గుర్తుపడితే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

పెట్రోలు, డీజిలు కార్లలో సాధారణంగా ఇంజిన్ వేడికి కాగిన కూలెంటే డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్లోకి వస్తుంది. బ్లోయర్ ఆ వేడిని లోపలికి పంపుతుంది.

దుమ్ము కాలినట్టుంటే: నెలల తరబడి వాడని హీటర్లో పేరుకున్న దుమ్మే కావచ్చు. కాసేపటికి పోతుంది. పోకపోతే క్యాబిన్ ఫిల్టర్ చూపించాలి.

పొగ వాసనైతే: చెరకు ఆకు తగలబెట్టిన పొలాల పక్కగా వెళ్తున్నారేమో చూడండి. బయటి గాలిని ఆపే బటన్ నొక్కితే తగ్గుతుంది. పొలాలు దాటినా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కారి వేడి గొట్టాలపై పడుతుండొచ్చు.

ప్లాస్టిక్ మాడినట్టుంటే: ఇదే అసలు ప్రమాదం. వెంటనే హీటర్ ఆపేయాలి. బ్లోయర్ హై స్పీడులో మాత్రమే తిరుగుతుంటే రెసిస్టర్ పోయిందేమోనని అనుమానించాలి. కరిగిన కనెక్టరునూ మార్పించాలి. ఫ్యూజు పోతోందని ఎక్కువ ఆంపియర్లది వేస్తే వైర్లు అంటుకోవచ్చు.

తియ్యగా ఉంటే: శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. కారులో పాకం వాసన వస్తోందంటే కూలెంట్ లీకవుతున్నట్టే. అద్దాలకు జిడ్డు ఆవిరి పట్టడం, ముందు సీటు దగ్గర మ్యాటు తడవడం గుర్తులు. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయొద్దు.

పొగ కనిపిస్తే మాత్రం బండి పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, పిల్లాపాపలతో ముందు కిందికి దిగాలి. వాసన ఎప్పుడు, ఏ స్పీడులో వచ్చిందో మెకానిక్‌కు చెబితే సగం పని అయినట్టే.