ఆ అతుకే పట్టిచ్చింది!

హాడ్జ్‌కిన్‌ లింఫోమా... లింఫు గ్రంథులు వాచే రక్తకణాల క్యాన్సర్‌. లండన్‌ వైద్యుడు థామస్‌ హాడ్జ్‌కిన్‌ 1832లోనే దీని గురించి రాశారు. అయినా రోగకణాలు ఎక్కణ్నుంచి పుడుతున్నాయో 160 ఏళ్లు తేలలేదు. వాచిన గ్రంథిలో అవి నూటికి ఒకటో అరో ఉంటాయి మరి!

1994లో జర్మనీలోని కొలోన్‌లో క్లాస్‌ రయేవ్‌స్కీ, రాల్ఫ్‌ క్యూపర్స్‌ బృందం వాటిని ఓపిగ్గా ఒక్కొక్కటే ఏరింది. మన ఒంట్లో ప్రతి బి కణం తన రిసెప్టర్‌ జన్యువును తానే ముక్కలు అతికించి తయారుచేసుకుంటుంది. ఆరోగ్యవంతుల్లో కణానికో అతుకు. ఒకే రోగి దగ్గర ఏరిన రోగకణాల్లో మాత్రం ఒకటే అతుకు. అంటే అన్నీ దారితప్పిన ఒక్క బి కణం సంతానమే!

ఇప్పుడు కీల్‌ నగరంలోని ప్రయోగశాలలో లుకేమియా రోగులకూ ఇలాంటి అతుకే ఆనవాలు. చికిత్స తర్వాత పదివేల కణాల్లో ఒక్కటి మిగిలినా పట్టేస్తారు. మందులు చాలా, మూలకణ మార్పిడి కావాలా అన్నది డాక్టర్లు చాలావరకు దాన్నిబట్టే తేలుస్తారు.