చనుమొన స్రావం: లక్షణ అవగాహన, వైద్య సంప్రదింపు - కృష్ణా మెట్ట ప్రాంత నేపథ్యం

1. ఉపోద్ఘాతం

జగ్గయ్యపేట, నందిగామ పూర్వపు కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతంలోని ముఖ్య పట్టణాలు. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఈ ప్రాంతంలో పత్తి, మిరప విస్తారంగా పండుతాయి. పత్తితీతలోనూ, మిరపకోతలోనూ అధికభాగం స్త్రీల శ్రమే. కోతల కాలంలో ఆసుపత్రికి వెళ్లడమంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. దానికి బిడియం తోడైతే రొమ్ముకు సంబంధించిన లక్షణం నెలల తరబడి మరుగునపడుతుంది. చనుమొన స్రావం అటువంటి లక్షణాల్లో ఒకటి. అది ఎప్పుడు సహజమో, ఎప్పుడు ప్రమాద సూచికో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. వాడుకమాటలు - కారణాలు

చనుమొన స్రావాన్ని స్త్రీలు పాలు, నీరు, రసి, చీము, నెత్తురు అనే మాటలతో చెబుతారు. ఈ మాటల భేదం వైద్యునికి తొలి ఆధారం.

పాలు: గర్భిణులకు, బాలింతలకు ఇది సహజం. బిడ్డ పాలు మానిన తరువాత కూడా కొన్ని నెలలపాటు కనిపించవచ్చు. ఇతర సమయాల్లో రెండు రొమ్ముల నుంచీ పాలు వస్తే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగిందేమో పరిశీలించాలి. థైరాయిడ్ లోపం, పిట్యూటరీ గ్రంథిలో కణితి, కొన్ని మానసిక వ్యాధుల మందులు, వాంతులకు వాడే డోంపెరిడోన్ వంటివి ఇందుకు కారణాలు.

ఆకుపచ్చ, గోధుమరంగు చిక్కటి రసి: నడివయస్సులో పాలనాళాలు వెడల్పు కావడం వల్ల తరచుగా వస్తుంది. సాధారణంగా ఇది హానికరం కాదు.

చీము: నొప్పి, ఎరుపు, జ్వరంతో కూడి ఉంటే ఇన్‌ఫెక్షన్ లేదా సెగగడ్డ కావచ్చు.

నెత్తురు, తేటనీరు: పాలనాళంలోని పాపిలోమా అనే చిన్న కణితి దీనికి ముఖ్య కారణం. అది చాలావరకు క్యాన్సర్ కాదు. అయితే కొందరిలో క్యాన్సర్ తొలి లక్షణం కూడా ఇదే కావచ్చు. రంగును మాత్రమే చూసి ఈ రెండింటిని వేరు చేయడం సాధ్యం కాదు.

3. వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

పిండితేనే వచ్చే స్రావం కంటే తనంతట తాను వచ్చే స్రావం ముఖ్యమైనది. పిండకుండానే రవికె మీద మరక కనిపించడం అందుకు గుర్తు. పదేపదే పిండి చూసుకోవడం స్రావాన్ని పెంచుతుంది కనుక మానాలి. కింది సందర్భాల్లో ఆలస్యం తగదు:

- ఒకే రొమ్ము నుంచి, ఒకే రంధ్రం నుంచి తనంతట తాను రావడం
- నెత్తురు లేదా తేటనీరు కనిపించడం
- గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన లోపలికి పోవడం, మానని పుండు
- పాలతో పాటు నెలసరి తప్పడం, తలనొప్పి, చూపు మందగించడం
- పురుషులలో ఏ స్రావమైనా

జ్వరం, చీము ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే చూపించుకోవాలి.

4. పరీక్షలు - సదుపాయాలు

వైద్యులు రొమ్మును, చంకలను పరీక్షించి, అవసరాన్ని బట్టి అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, రక్తపరీక్షలు, ముక్క పరీక్ష సూచిస్తారు. మామోగ్రామ్ మామూలుగా ఉన్నా నెత్తురు ఆగకపోతే పరిశీలన కొనసాగాలి. ముక్క తీస్తే వ్యాధి పాకుతుందన్న భయానికి ఆధారం లేదు.

ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ కార్యక్రమం కింద ఆరోగ్య సిబ్బంది రొమ్ము పరీక్ష నిర్వహిస్తారు. అయితే అది లక్షణాలు లేనివారి కోసం ఉద్దేశించింది. స్రావం కనిపించినవారు ఆ వంతు కోసం వేచి ఉండరాదు. ఆశా కార్యకర్తతో గానీ ఏఎన్‌ఎంతో గానీ చెప్పి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. ఆపై అవసరమైతే విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ప్రస్తుతం ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్స కూడా ఉంది.

5. ముగింపు

చనుమొన స్రావానికి కారణం ఎక్కువమందిలో క్యాన్సర్ కాదు. ఆ సంగతి నిర్ధారించవలసింది మాత్రం పరీక్షే. ఏ వైపు, ఏ రంగు, ఎన్నాళ్లుగా, తనంతట తానేనా, ఏ మందులు వాడుతున్నారు అనే అయిదు విషయాలు బిడియపడకుండా చెప్పగలిగితే రోగనిర్ధారణ సులభమవుతుంది. కోల్పోయిన ఒక రోజు కూలి కంటే ఆలస్యంగా బయటపడిన వ్యాధికి కుటుంబం చెల్లించే మూల్యం ఎన్నో రెట్లు అధికం.