ముంచడమా, పోయడమా?

పర్చూరుకు ఒకవైపు గుంటూరు, మరోవైపు ఒంగోలు. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హేయర్ దొర నాటిన లూథరన్ సంప్రదాయంలో పసిబిడ్డల తలమీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తారు. ఒంగోలు బాప్టిస్టులు మాత్రం విశ్వసించిన మనిషిని నిండా నీట ముంచి లేపుతారు. ధాత కరువు వెన్నంటి, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి అలా బాప్తిస్మం ఇచ్చారు. రెండు సంఘాలూ చదివే తెలుగు బైబిల్లో ఉన్నది ఒకే మాట. దాని వెనకున్న గ్రీకు క్రియ 'బాప్తిజో' ఎవరి పక్షం? క్రియ అర్థం వరకు బాప్టిస్టుల వాదనకే బలముందని నా అభిప్రాయం. అయితే ఆ ఒక్క అర్థంతో వివాదం తెగిపోదు.

'బాప్తిజో'కు మూలక్రియ 'బాప్తో'. ముంచడం, రంగులో అద్దడం దాని అర్థాలు. చీరాల నేతగాళ్లు నూలును రంగునీళ్లలో ముంచి తీసే పనికి ఆ క్రియ చక్కగా అతుకుతుంది. దాన్నుంచి పుట్టిన 'బాప్తిజో'ను చరిత్రకారుడు పోలీబియస్ ఓడలు మునిగిపోవడానికి వాడాడు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగిన చోట 'ఎబాప్తిసాతో' అని ఉంది. అంటే తనంతట తాను మునిగాడు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో జనం ఒకరి తర్వాత ఒకరు వస్తూ బాప్తిస్మం పొందడాన్ని 'ఎబాప్తిజోంతో' అనే రూపం చెబుతుంది. అది జరుగుతూ ఉన్న పని. యేసు విషయంలో 'ఎబాప్తిస్థే' అంటాడు మార్కు. అది ఒక్కసారి జరిగి ముగిసిన పని, పైగా మరొకరి చేత పొందినది.

దీనికి అభ్యంతరం లేకపోలేదు. లూకా సువార్త పదకొండో అధ్యాయంలో యేసు భోజనానికి ముందు కడుక్కోలేదని పరిసయ్యుడు ఆశ్చర్యపోయిన చోటా ఇదే క్రియ ఉంది. అక్కడ ఒళ్లంతా మునగడం అనే అర్థం తప్పనిసరి కాదు. నిజమే, మాట వాడుకలో విస్తరించింది. కానీ కడుక్కోవడం దాకా విస్తరించినంత మాత్రాన పోయడమని అర్థం కాదు. ఇందుకు మంచి సాక్ష్యం తొలి క్రైస్తవుల 'దిదాఖే' గ్రంథం. పారే నీటిలో బాప్తిస్మం ఇమ్మని అది చెబుతుంది. తగినన్ని నీళ్లు దొరక్కపోతే తలమీద మూడుసార్లు పోయమంటుంది. ఆ పోయడానికి వాడింది 'ఎక్ఖేయో' అనే వేరే క్రియ. గ్రీకు మాట్లాడే ఆ విశ్వాసులు ముంచడాన్నీ పోయడాన్నీ ఒకటిగా చూడలేదు. అయినా పోసినదాన్ని కూడా బాప్తిస్మంగానే ఒప్పుకున్నారు.

కాబట్టి క్రియకు ముంచడమే అసలు అర్థమని లూథరన్లు ఒప్పుకోవాలి. నీళ్లు పోసినంత మాత్రాన ఆ సంస్కారం చెల్లదనే తీర్పు నిఘంటువు ఇవ్వదని బాప్టిస్టులు ఒప్పుకోవాలి. ఈ రెండూ ఒప్పుకున్నాకే గ్రీకును సాక్ష్యానికి పిలవడం న్యాయం.