బెయిల్ వచ్చింది... మరి మనిషేడీ?

సినిమాల్లో చూస్తుంటాం. హీరో ఫ్రెండ్‌ని పోలీసులు పట్టుకుపోతారు. తర్వాతి సీన్‌లో నల్లకోటు లాయర్ వచ్చి ఒక కాగితం టేబుల్ మీద పెడతాడు. ఫ్రెండ్ కాలర్ సర్దుకుని బయటికొస్తాడు. అంతే! నిజంగా ఆ రెండు సీన్ల మధ్య ఏం జరుగుతుందో పడినవాళ్లకే తెలుసు. బెయిల్ రావడం వేరు, మనిషి రావడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉండేదే జామీను. మన ప్రాంతంలో చాలామంది దీన్ని ‘షూరిటీ పెట్టడం’ అంటారు.

మాది పులివెందుల. ఉద్యోగం బెంగళూరులో. ఆ మధ్య మా చిన్నాయన కొడుకు పొలం గట్టు గొడవలో ఇరుక్కుని రిమాండుకు పోయాడు. బెయిల్ ఆర్డర్ వచ్చిందని ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసి ఇంటికి ఫోన్ చేసింది నేనే. చిన్నమ్మ ఆ పూటే గుళ్లో టెంకాయ కొట్టింది. కానీ వాడు ఇంటికి రావడానికి ఇంకా ఐదు రోజులు పట్టింది. ఆర్డర్‌లో ‘సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు’ అని ఉంది. ఆ ఒక్క వాక్యం వెనకే మా ఐదు రోజులు పోయాయి.

మొదట ముందుకొచ్చిన పెద్దాయనకు చీనీ తోట ఉంది. తీరా 1-బి తీయిస్తే భూమి ఇంకా చనిపోయిన వాళ్ల నాయన పేరు మీదే ఉంది. రెండో ఆయన అప్పటికే ఇంకొకరికి జామీను ఉన్నాడు. ఆ సంగతి అఫిడవిట్‌లో చెప్పాలి కదా, ఎందుకొచ్చిన గొడవ అని వెనక్కి తగ్గాడు. మధ్యలో రెండో శనివారం, ఆదివారం. నా జీతం స్లిప్పు పెడతానంటే వకీలు గుమాస్తా నవ్వాడు. ‘‘బెంగళూరు జీతాన్ని మేము యాడ ఎతుక్కోవల్ల సామీ? ఈడ చేనో ఇల్లో ఉండేవాళ్లను పిల్చుకరా’’ అన్నాడు.

అక్కడ కంపెనీ, ఇక్కడ మనిషి

అమెరికాలో ఉన్న మన పిల్లల నోట ‘బెయిల్ బాండ్ సర్వీస్’ అనే మాట వింటుంటాం. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇదొక వ్యాపారం. కోర్టు పదివేల డాలర్లు కట్టమంటే, బాండ్ ఏజెంట్‌కు సాధారణంగా పది శాతం, అంటే వెయ్యి డాలర్లు ఇస్తే మిగతాదానికి అతను పూచీ పడతాడు. ఆ వెయ్యి అతని ఫీజు. కేసు గెలిచినా వెనక్కి రాదు. ఇలాంటి వ్యాపారాన్ని చట్టబద్ధంగా నడవనిచ్చే దేశాలు అమెరికా, ఫిలిప్పీన్స్ తప్ప దాదాపు లేవు. అమెరికాలోనే కెంటకీ రాష్ట్రం 1976లో దీన్ని నిషేధించింది. ఇల్లినాయిస్ అయితే 2023 సెప్టెంబరు నుంచి బెయిల్‌కు డబ్బు అడిగే పద్ధతినే ఎత్తేసింది.

వీసా కేసుల్లో నిర్బంధిస్తే దారి వేరు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి అధికారులు వేసిన వలలో పదుల కొద్దీ తెలుగు విద్యార్థులు చిక్కుకున్నప్పుడు ‘ఇమిగ్రేషన్ బాండ్’ అనే మాట మన ఇళ్లలోనూ వినపడింది. దానికి చట్టం పెట్టిన కనీస మొత్తం 1,500 డాలర్లు.

మన దేశంలో కౌంటర్‌లో డబ్బు కట్టి జామీను కొనుక్కునే కంపెనీ లేదు. ఇక్కడ పూచీ పడేది మనిషి. చుట్టమో, స్నేహితుడో, ఊరి పెద్దో. ‘నీకు నష్టం వస్తే నేనే కట్టుకుంటా’ అని ముద్దాయి జామీనుదారుతో ఒప్పందం రాసుకున్నా కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 కింద చెల్లదని కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. కారణం ఒక్కటే. తన ఆస్తి పోతుందన్న భయం ఉంటేనే జామీనుదారు ముద్దాయి మీద కన్నేసి ఉంచుతాడు.

సంతకం బరువు ఎంత?

మా పెద్దాయన ఒకరు అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. ‘‘సంతకం పెట్టేదానికి నాకేం బాధ లేదురా అబ్బీ. వాడు వాయిదాకు పోకపోతే నా చేను గతేంది?’’ న్యాయమైన ప్రశ్న. జవాబు తెలియకే చాలామంది భయపడతారు, లేదా ఏమీ తెలియకుండానే సంతకం పెట్టేస్తారు.

జామీను ఇచ్చినంత మాత్రాన భూమి పోదు. ముద్దాయి వాయిదాలకు రాకుండా పారిపోతే కోర్టు బాండును జప్తు చేసి, ‘ఈ మొత్తం ఎందుకు కట్టకూడదో చెప్పు’ అని జామీనుదారుకు నోటీసు ఇస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో ఇది సెక్షన్ 491. సరైన కారణం చూపితే కొంత తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. కట్టకపోతే ఆస్తి నుంచి వసూలు చేస్తారు. అలా కూడా రాకపోతే జామీనుదారుకే ఆరు నెలల వరకు సివిల్ జైలు పడొచ్చు. కుర్రాడి తీరు నచ్చకపోతే సెక్షన్ 489 కింద ‘నన్ను తప్పించండి’ అని కోర్టును అడిగే హక్కు జామీనుదారుకు ఉంది. ఈ సంగతి ఊళ్లలో చాలామందికి తెలియదు.

మన పక్క దీనికి ఇంకో బరువు కూడా ఉంది. పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో ఎవరు ఎవరికి జామీను ఉన్నారన్నది ఒక కాగితం సంగతిగా మిగలదు. ‘వాడు ఆ పక్క మనిషి’ అని ముద్ర పడుతుంది. డబ్బు కంటే ఆ ముద్రకే భయపడి, మనసులో సాయం చేయాలని ఉన్నా ముఖం చాటేసేవాళ్లు ఉన్నారు. ఏ పార్టీకీ, ఏ వర్గానికీ చెందని కూలీ కుటుంబం అయితే మరీ కష్టం. వాళ్లకు తెలిసినవాళ్లందరూ వాళ్లలాంటి భూమి లేనివాళ్లే.

ఆ ఖాళీలోకే వస్తారు కిరాయి జామీనుదారులు. ‘డబ్బు ఇస్తే మనుషుల్ని మేమే చూసుకుంటాం’ అంటారు. ఇదే మన దగ్గరి దొంగచాటు బెయిల్ బాండ్ సర్వీస్. ఒకే ఇంటిపన్ను రశీదు పది కేసుల్లో తిరుగుతుంది. కొన్నిసార్లు రశీదు, దాని మీది సీలు రెండూ దొంగవే. ఇలాంటి ముఠాలు పట్టుబడ్డ వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వస్తూనే ఉంటాయి. అది బయటపడితే బెయిల్ రద్దవుతుంది, పైగా ఫోర్జరీ కేసు. అసలు గొడవలో తప్పు లేని పిల్లాడు కూడా దీనితో నిజంగా నేరస్తుడవుతాడు. ఎంత తొందరలో ఉన్నా ఆ దారి వద్దు.

పేదవాడి బెయిల్ గురించి సుప్రీంకోర్టు

ఈ బాధ కొత్తది కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీ పనివాడికి సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. మధ్యప్రదేశ్‌లోని మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగాడు. మోతీరామ్ సోదరుడు ముందుకొస్తే, ‘ఆస్తి వేరే జిల్లాలో ఉంది, కుదరదు’ అన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్‌కు కోపం వచ్చింది. ఓ మలయాళీయో, ఆంధ్రుడో బస్తర్‌లోనో చాందినీచౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుల్ని ఎక్కణ్నుంచి తెస్తాడని తీర్పులోనే అడిగారు. చివరికి వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలిపెట్టమన్నారు.

అయినా పరిస్థితి పూర్తిగా మారలేదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురు. వీళ్లలో బెయిల్ వచ్చినా జామీను పెట్టలేక ఉండిపోయినవాళ్లు కూడా ఉన్నారు. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము జైళ్లలో మగ్గే పేదల గురించి మాట్లాడారు. ఆ తర్వాత 2023 జనవరి 31న సుప్రీంకోర్టు కొన్ని స్పష్టమైన ఆదేశాలిచ్చింది.

2024 ఆగస్టులో ఇంకో తీర్పు వచ్చింది. గిరీష్ గాంధీ అనే వ్యక్తికి 13 కేసుల్లోనూ బెయిల్ వచ్చింది. కానీ ప్రతి కేసుకూ వేర్వేరు జామీనుదారులు దొరక్క జైల్లోనే ఉన్నాడు. ఒక రాష్ట్రంలోని కేసులన్నిటికీ అదే ఇద్దరు సరిపోతారని సుప్రీంకోర్టు తేల్చింది. క్రిమినల్ కేసు అనేసరికి అండగా నిలిచేవాళ్లు ఎలా తగ్గిపోతారో జడ్జీలు అందులో గుర్తు చేశారు. మన పల్లెల్లో దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మీ ఇంటికే ఈ కష్టం వస్తే...

ముందు కేసు బెయిలబులా, కాదా అడగండి. బెయిలబుల్ అయితే బెయిల్ హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు. అరెస్టయిన వారంలోగా జామీను తేలేకపోతే ఆ మనిషిని పేదవాడిగానే భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని సెక్షన్ 478 చెబుతోంది.

బెయిల్ పిటిషన్ వేసిన రోజే కాగితాలు మొదలుపెట్టండి, ఆర్డర్ వచ్చేదాకా ఆగొద్దు. జామీనుదారు ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, తన పేరు మీదున్న 1-బి, ఇల్లయితే పన్ను రశీదు, విలువ సర్టిఫికెట్ సిద్ధంగా పెట్టుకోండి. ఆ కోర్టులో ఏవి అడుగుతారో మీ వకీలును ముందే కనుక్కోండి. ఇద్దరు కావాలంటే ముగ్గుర్ని మాట్లాడుకోండి. విడుదల కాగితం సాయంత్రం లోపు జైలుకు చేరకపోతే ఇంకో రాత్రి లోపలే. కడప సెంట్రల్ జైలు అయితే పులివెందుల నుంచి దారే సుమారు 70 కిలోమీటర్లు. అది లెక్కలో పెట్టుకోండి.

జామీనుదారు దొరకడం లేదా? బాండుకు బదులు నగదు డిపాజిట్ చేస్తామని సెక్షన్ 490 కింద కోర్టును అడగొచ్చు. ఆ డబ్బు ఫీజు కాదు. వాయిదాలకు సరిగ్గా వెళ్తే కేసు అయ్యాక తిరిగి తీసుకోవచ్చు. మొత్తం మరీ ఎక్కువైతే తగ్గించమని సెక్షన్ 484 కింద అడగొచ్చు.

ఏదీ కుదరకపోతే ఆ 2023 ఆదేశాలు ఉన్నాయి. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి. నెల దాటితే షరతులు సడలించాలా అన్నది కోర్టు తనంతట తానే చూడొచ్చు. ‘స్థానిక జామీనే కావాలి’ అనడమే ఆలస్యానికి కారణమైతే ఆ షరతు పెట్టకూడదని కూడా ఆ ఆదేశాల్లో ఉంది. కేంద్రం 2023లో మొదలుపెట్టిన పేద ఖైదీల సాయం పథకంలో విచారణ ఖైదీ బెయిల్‌కు మొదట్లో 40 వేల రూపాయల వరకు ఇచ్చేలా నియమం పెట్టారు. ఎన్‌డీపీఎస్ లాంటి కొన్ని తీవ్రమైన చట్టాల కేసులకు ఇది వర్తించదు. ఉచిత న్యాయ సహాయం కోసం 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

ఇక మనిషి ఇంటికొచ్చాక అసలు పని మొదలవుతుంది. కేసు ఏళ్ల తరబడి నడవొచ్చు. వాయిదా తేదీలు వాడి ఫోన్‌లోనే కాదు, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా అలారం పెట్టండి. ప్రతి వాయిదా సాయంత్రం జామీనుదారుకు ఫోన్ చేసి ‘పోయొచ్చినాడు, మళ్లీ ఫలానా తేదీ’ అని చెప్పించండి. మీవాడి కోసం తన చేను కాగితం కోర్టులో పెట్టిన మనిషి ఆ రాత్రి నిశ్చింతగా పడుకుంటాడు. రేపు మీ వీధిలో ఇంకెవరికైనా ఈ కష్టం వస్తే, సంతకం పెట్టడానికి ఆయన మళ్లీ ముందుకొస్తాడు.